తాడు వదిలేసినవాళ్లను గీయాలా, తెప్పను గీయాలా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఒకసారి చెప్పుకుంటానమ్మా, పొరపాటుంటే మీకే తెలుస్తుంది. మీరు బీఎఫ్ఏ (లలితకళల డిగ్రీ) చివరి ఏడాదిలో ఉన్నారు, ఊరు కాకినాడ. వాతావరణ సదస్సులు ఏటేటా జరుగుతున్నా ఏదీ తేలట్లేదన్న కోపంతో ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు కాన్వాస్ మీద ఆయిల్స్‌లో ఒక బొమ్మ వేశారు. మధ్యలో గుండ్రటి బల్ల, చుట్టూ సూట్లు వేసుకున్న నాయకులు, బల్ల మీద కొవ్వొత్తిలా కరిగిపోతున్న భూగోళం, వెనక పొగగొట్టాలు, కింద మునిగిపోతున్న పల్లెకారుల ఇళ్లు, సముద్రంలో దిగిపోతున్న ఎర్రటి సూర్యుడు, ఆకాశంలో పెద్ద అక్షరాలతో 1.5, అంటే భూమి వేడి ఇన్ని డిగ్రీలకు మించి పెరగకూడదని దేశాలు పెట్టుకున్న హద్దు. ప్రదర్శనకు పంపితే ‘పోస్టర్‌లా ఉంది’ అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. దానికి తోడు రెండు నెలలు తిరక్కుండానే నల్లరంగు వేసినచోట పగుళ్లు. తప్పెక్కడ జరిగింది, పగుళ్లెందుకొచ్చాయి, అసలు ఇలాంటి విషయాన్ని ఆయిల్స్‌లో ఎక్కడ పట్టుకోవాలి అని అడిగారు.

ఫొటో చూశాను. చెయ్యి బాగుంది. బల్లకు కుడిపక్కన కూర్చున్న మనిషి చెయ్యి, ఆ వేళ్ల కణుపులు, అవి ఊరికే వచ్చేవి కావు. కాబట్టి చేత కాకపోవడం గురించి మనం మాట్లాడుకోవట్లేదు.

‘పోస్టర్‌లా ఉంది’ అన్నది తిట్టుగా తీసుకోకండి. పోస్టర్ పని పోస్టర్‌ది. బస్సు దిగి నడిచిపోయేవాడికి మూడు సెకన్లలో సంగతి ఎక్కాలి, అంతే. ఆయిల్ బొమ్మ ముందు మనిషి ఆగాలి. మీ బొమ్మ మూడు సెకన్లలో అంతా చెప్పేస్తోంది, తర్వాత చూసేవాడికి పనేమీ మిగల్చలేదు. ఆ మూడు సెకన్ల సంగతికి మీరు నాలుగు నెలలు, ఒక పెద్ద కాన్వాసు, బోలెడు తెల్లరంగు ఖర్చుపెట్టారు. అదీ నాకు బాధ.

ఇప్పుడు కాస్త దూరం వెళ్తాను, విసుక్కోవద్దు.

1816 జులైలో మెడూస్ అనే ఫ్రెంచి నౌకాదళం ఓడ ఆఫ్రికా పడమటి తీరం దగ్గర ఇసుకమేటలో ఇరుక్కుంది. దాని కెప్టెన్ షోమరే ఇరవై ఏళ్లకు పైగా ఓడ నడపనివాడు. రాజుగారి పక్షం మనిషి కావడంతో ఆ ఉద్యోగం దక్కింది. ఓడలో ఉన్నవాళ్లందరికీ పడవలు చాలలేదు. వాసాలు, పలకలు కలిపి కట్టి ఒక తెప్ప చేసి, 147 మందిని దానిమీద ఎక్కించారు. పడవలు ఆ తెప్పను తాళ్లతో ఒడ్డుకు లాక్కెళ్లాలని మాట. కొద్ది దూరం పోయాక పడవలవాళ్లు తాడు వదిలేశారు. 13 రోజుల తర్వాత ఆర్గస్ అనే ఓడ కంటపడేసరికి తెప్పమీద ప్రాణాలతో ఉన్నది 15 మంది.

ఇది తుఫాను కథ కాదని గమనించండి. విధానం విఫలమైన కథ. నియామకం తప్పు, మాట ఇచ్చి తప్పడం, తర్వాత కప్పిపుచ్చుకోవడం. మీ సదస్సు కథకు ఎంత దగ్గరో చూడండి.

ఇరవై ఏడేళ్ల థియొడోర్ జెరికో దీన్ని బొమ్మగా వేయడానికి పూనుకున్నాడు. బతికి బయటపడ్డ డాక్టరు సావిన్యీని, ఇంజనీరు కొరేయార్‌ని కలిసి రోజుల తరబడి అడిగాడు. తెప్ప కట్టడంలో చెయ్యి వేసిన వడ్రంగితోనే చిన్న నమూనా తెప్ప చేయించుకున్నాడు. ఆసుపత్రికి వెళ్లి చావుకు దగ్గరైనవాళ్ల ఒంటిరంగు చూశాడు, తెగిన అవయవాలు స్టూడియోకు తెచ్చుకుని చదివాడు. సముద్రాన్నీ ఆకాశాన్నీ చూడ్డానికి తీరానికి వెళ్లాడు. తెప్పమీద తిరుగుబాటు జరిగిన ఘట్టం, మనుషుల్ని మనుషులే తిన్న ఘట్టం, ఒక్కోదానికీ స్కెచ్చులు వేసి పక్కన పెట్టాడు. చివరికి తేల్చుకున్న క్షణం: దూరాన ఆర్గస్ కనబడింది, తెప్పమీదివాళ్లు గుడ్డలు ఊపుతున్నారు.

ఆ బొమ్మ ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. సుమారు 16 అడుగుల ఎత్తు, 23 అడుగులు దాటిన వెడల్పు. అంత కాన్వాసులో ఆర్గస్ ఓడ ఎంతుందో తెలుసా? దిగంతం గీత మీద చిన్న గుర్తు. వెతుక్కోవాలి. పుస్తకంలో అచ్చయిన బొమ్మలోనైతే అచ్చు మరకేమో అనుకుని దాటిపోతాం. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు మా మాస్టారు వేలుపెట్టి చూపించేదాకా నాకు కనబడలేదు.

షోమరే ఆ బొమ్మలో లేడు. అతన్ని నియమించిన మంత్రి లేడు. తాడు వదిలేసిన పడవలు లేవు. పారిస్‌లో జరిగే పెద్ద చిత్రప్రదర్శన సలోన్‌లో 1819లో పెట్టినప్పుడు దాని పేరు కూడా ‘ఓడ ప్రమాద దృశ్యం’ అని చాలా మామూలుగా ఉంది. అయినా అది ఏ ఓడో, తప్పెవరిదో చూసినవాళ్లందరికీ తెలుసు. దోషిని గీయాల్సిన అవసరం అతనికి రాలేదు. తాడు వదిలాక తెప్పమీద బరువు ఎలా పడుతుందో మాత్రం చెక్క చెక్కా గీశాడు.

మీ బొమ్మలో మూడొంతుల చోటు తాడు వదిలేసినవాళ్లు ఆక్రమించారు. తెప్ప కింద మూల ఉంది. నాకు కనబడ్డ తప్పు ఇదే, మిగతావన్నీ దీనికి పిల్లలు.

(మన తీరం పిల్లకు ‘తెప్ప’ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఫైబర్ పడవలు రాకముందు కొయ్యదుంగలు తాళ్లతో కట్టుకుని అలలు దాటిన తెప్పలు మీ తాతల కాలం మనుషులకి ఇంకా గుర్తుంటాయి. జెరికో బొమ్మకు తెలుగులో ఇంతకన్నా సరైన మాట లేదు.)

పాతకాలం సంగతి చెప్పి తప్పించుకుంటున్నానని అనుకోకండి, ఈ కాలంది కూడా ఒకటి చెప్తాను. అమెరికా చిత్రకారుడు అలెక్సిస్ రాక్‌మన్ 2004లో బ్రూక్లిన్ మ్యూజియం కోసం ‘మానిఫెస్ట్ డెస్టినీ’ అనే బొమ్మ పూర్తి చేశాడు. చెక్క పలకల మీద, 8 అడుగుల ఎత్తు, 24 అడుగుల వెడల్పు. అంటే వెడల్పు ఇంచుమించు జెరికో బొమ్మంతే. కొన్ని వందల ఏళ్ల తర్వాత సముద్రం పైకొచ్చి బ్రూక్లిన్ రేవును మింగేసిన దృశ్యం. నీటిని అక్వేరియం అద్దంలా నిలువునా కోసి చూపిస్తాడు: పైన విరిగిన బ్రూక్లిన్ వంతెన, కింద చేపలు, జెల్లీఫిష్‌లు, మునిగిన ఓడలు, పెద్దవి చేసి గీసిన సూక్ష్మజీవులు. నీళ్లు ఎంత ఎత్తుకు రావచ్చో, కట్టడాలు ఎలా శిథిలమవుతాయో శాస్త్రవేత్తలనూ ఆర్కిటెక్టులనూ అడిగి మరీ వేశాడు.

అది వచ్చిన కాలం చూడండి. 1997లో అమెరికా సెనేట్ 95–0 ఓట్లతో క్యోటో తరహా ఒప్పందానికి, అంటే పొగ తగ్గిస్తామని దేశాలు రాసుకునే ఒప్పందానికి, ముందే అడ్డుకట్ట వేసింది. 2001లో బుష్ ప్రభుత్వం క్యోటోను పూర్తిగా పక్కన పెట్టేసింది. బొమ్మలో బుష్ ఉన్నాడా? సెనేట్ ఉందా? అసలు ఒక్క మనిషి కూడా లేడు. రాజకీయమంతా పేరులో పెట్టాడు. ‘మానిఫెస్ట్ డెస్టినీ’ అంటే పడమటి నేలంతా ఆక్రమించుకోవడం మాకు దైవం రాసిపెట్టిన హక్కు అని 19వ శతాబ్దంలో అమెరికన్లు చెప్పుకున్న నినాదం. ఆ రోజుల్లో ఆ దేశపు ప్రకృతి చిత్రకారులు ఎంతో గర్వంగా వేసిన బంగారు ఆకాశాన్నే తీసుకొచ్చి మునిగిన ఊరిమీద పరిచాడు. జెరికో పేరులో ఏమీ చెప్పలేదు, రాక్‌మన్ పేరులోనే అంతా చెప్పాడు. రెండు దార్లూ పనిచేశాయి.

నా మటుకు నాకు రాక్‌మన్ కన్నా జెరికోయే ఇష్టం. రాక్‌మన్ బొమ్మలో వివరాలు ఎక్కువై కన్ను ఎక్కడా నిలబడదు. అది నా అభిరుచి, మీకు నచ్చాలని లేదు.

ఇప్పుడు నా సంగతి. 1996 నవంబర్ 6 రాత్రి తుఫాను మా కోనసీమ మీద పడింది. వేయి మందికి పైగా పోయారు, వేటకెళ్లిన భైరవపాలెం పడవలు ఎన్నో తిరిగి రాలేదు. అప్పటికి ఆయిల్స్ కొత్తగా పట్టుకున్నాను, ఒంట్లో ఆవేశం ఎక్కువ. తుఫానుకు కన్ను ఉంటుందని పేపర్లో చదివి, నిజంగానే ఒక పెద్ద మనిషి కన్ను గీసి అందులోంచి కన్నీళ్లు కార్చాను. కింద పడిపోయిన కొబ్బరితోట. నాకది మహా గొప్ప ఊహ. మా ఇంటికి కాయలు దింపడానికి వచ్చే ముసలాయన వరండాలో ఆ బొమ్మ చూసి చాలాసేపు నిలబడ్డాడు. మెచ్చుకుంటాడనుకున్నాను. ‘చెట్లు అలా పడవు బాబూ, గాలి ముందు మొవ్వు పట్టుకుని మెలిపెడుతుంది’ అని, చేత్తో గాల్లో ఒక తిప్పు తిప్పి చూపించి వెళ్లిపోయాడు. కన్ను గురించి ఒక్క మాట లేదు.

ఆయన తిప్పిన ఆ తిప్పు బొమ్మలో ఉండాల్సింది. నేను గుమ్మం దాటి తోటలోకి వెళ్లి ఒక్క చెట్టు కూడా చూసి గీయలేదు. పేపరు చదివి గీశాను. మీరు కూడా వార్తలు చదివి గీశారు, అది కనబడిపోతుంది. ఎక్కడ కనబడుతుందో చెప్పనా? మీ సూర్యుడు సముద్రంలోకి దిగిపోతున్నాడు. కాకినాడలో పుట్టిపెరిగిన పిల్ల వేసిన బొమ్మలో! మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి పైకొస్తాడు, దిగడు. ఏ అరేబియా సముద్రం ఫొటోనో, ఇంటర్నెట్‌లో దొరికిన ‘వినాశనం’ బొమ్మనో చూసి వేసుంటారు. అది ఉదయమని ఒప్పుకున్న మరుక్షణం బొమ్మ అర్థమే మారిపోతుంది. ఇల్లు పోయినవాళ్లకు కూడా తెల్లారుతుంది, పాలపాకెట్టు కొనాలి, బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి పోవాలి.

ఇక ఆకాశంలో 1.5. అంకెలు కాన్వాసులో త్వరగా పాతబడతాయి. కోపెన్‌హాగన్ వాతావరణ సదస్సులో 2009లో సంపన్న దేశాలు పేద దేశాలకు 2020 నాటికి ఏడాదికి 10,000 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. ఆ మొత్తం చేరింది 2022లో, రెండేళ్లు ఆలస్యంగా. అప్పుడెవరైనా ఆ అంకెను కాన్వాస్ మీద రాసుంటే ఈరోజు దానికి పక్కన వివరణ పత్రం అంటించాలి. 1.5 సంగతి కూడా అంత సూటిగా లేదు. 2024 ఆ గీత దాటిన మొదటి క్యాలెండర్ సంవత్సరం. అయినా పారిస్ ఒప్పందం హద్దును ఒక్క ఏడాదితో కొలవరు, దాదాపు ఇరవై ఏళ్ల సగటుతో కొలుస్తారు. బొమ్మ ముందు నిలబడి ఇదంతా ఎవరు లెక్కేస్తారు? బాకూ సదస్సులో 2024లో ఆ సాయాన్ని 2035 నాటికి ఏడాదికి 30,000 కోట్ల డాలర్లని తేల్చారు. పేద దేశాలు అడిగింది 1.3 లక్షల కోట్లు. మన దేశ ప్రతినిధి లేచి ఇది వట్టి దృష్టిభ్రమ అన్నారు. కనికట్టు మన వృత్తి కదా, ఆ మాట విని నాకు నవ్వొచ్చింది.

బల్ల చుట్టూ మీరు కూర్చోబెట్టినవాళ్లంతా తెల్లవాళ్లే. గ్లాస్గో సదస్సులో 2021లో ఆఖరి గంటలో బొగ్గును ‘ఆపేస్తాం’ అన్న మాటను ‘తగ్గిస్తాం’గా మార్చమని పట్టుబట్టింది మన దేశమే. దానికి మన వాదన మనకుంది. తలసరి లెక్క తీస్తే మనం వదిలే పొగ వాళ్లతో పోలిస్తే ఎంతో తక్కువ, అందులో న్యాయం లేదని నేననను. కానీ పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి బొగ్గు థర్మల్ కేంద్రం కరెంటుతో కూడా మన స్టూడియోల్లో లైట్లు వెలుగుతాయి. మనల్ని బల్ల దగ్గర్నుంచి తప్పించిన బొమ్మ సగం అబద్ధం. ఆ బల్లే లేకపోతే ఈ తంటా కూడా లేదు.

అయితే ఏం గీయాలి? మీకు నలభై నిమిషాల దూరంలో ఉప్పాడ ఉంది. అక్కడ సముద్రం ఊరిని కోసుకుపోవడం దశాబ్దాలుగా జరుగుతోంది. తీరం రోడ్డు తుఫాను తుఫానుకీ తెగుతుంది, మళ్లీ వేస్తారు, మళ్లీ తెగుతుంది. కెరటాల్ని ఆపడానికి ఇసుక నింపిన పెద్ద పెద్ద జియో ట్యూబులు పరిచి గోడ కట్టారు. అవి కొన్నిచోట్ల చిరిగాయి, కుంగిపోయాయి. ఒక్క జాగ్రత్త: ఈ కోత అంతా వాతావరణ మార్పు ఖాతాలో వేయకండి. ఆనకట్టల వల్ల గోదావరి తెచ్చే ఒండ్రు తగ్గడం, హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ పెరుగుతూ ప్రవాహాల దారి మార్చడం లాంటివి కూడా అందులో ఉన్నాయి. సముద్రమట్టం పెరగడం, తుఫానులు వాటికి తోడయ్యాయి. మీరు ఈ సంగతి తెలిసి గీస్తే బొమ్మలో గోల తగ్గుతుంది.

కొన్నేళ్ల కిందట అక్కడ నేను చూసినది చెప్తాను. ఒక ఇంటి సగం పోయింది. మిగిలిన సగంలో వంటగది గోడ నిలబడి ఉంది, నీలం కలిపిన సున్నం వేసిన గోడ. దానికి స్టీలు పళ్లేల స్టాండు ఇంకా మేకులకు వేలాడుతోంది, అందులో రెండు పళ్లేలు. పొయ్యిగట్టు సగానికి విరిగి, విరిగినచోట ఇటుకలు కొత్తగా ఎర్రగా ఉన్నాయి. గట్టు కిందినుంచి నేరుగా సముద్రం. ఒకావిడ వచ్చి ఆ రెండు పళ్లేలు తీసుకుని, స్టాండు లాగి చూసి, రాకపోతే వదిలేసి వెళ్లిపోయింది. ఎవర్నీ తిట్టలేదు, ఏడవలేదు. క్యోటో నుంచి బాకూ దాకా అన్ని కాగితాలూ ఆ పొయ్యిగట్టు మీద పెట్టొచ్చు. నేను వేయాలనుకున్నాను, మూడుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. ఆవిడను పెడితే కథ అయిపోతోంది, తీసేస్తే ఖాళీ అయిపోతోంది. మీరైనా చూడండి, అయితే నా పొయ్యిగట్టు వద్దు, మీది మీరు వెతుక్కోండి.

రంగుల విషయం. ఉప్పాడ నీళ్లు నీలం కావు. గోదావరి బురద కలిసిన నీళ్లు, వర్షాకాలంలో పాలు తక్కువైన టీలా ఉంటాయి. రా అంబర్, ఎల్లో ఓకర్, టైటానియం వైట్ కలిపి, నీడల్లోకి అల్ట్రామెరైన్ కొసరంత. సముద్రానికి విడిగా నీలం ట్యూబు తియ్యకండి, నీలం ఆ సున్నం గోడ కోసం దాచుకోండి. అల్ట్రామెరైన్‌లో తెలుపు, దానికి చిటికెడు రా అంబర్ పడితే పాత గోడ వచ్చేస్తుంది. బురదరంగు పెద్ద కాన్వాసులో అంత చిన్న నీలం చాలు, కన్ను అక్కడికే పోతుంది. ఆర్గస్‌ను తలుచుకోండి.

పగుళ్ల సంగతి తేలికే. ఐవరీ బ్లాక్ నూనె బాగా తాగే రంగు, ఆరడం ఆలస్యం. మీరు దాన్ని అవిసె నూనె ఎక్కువ పోసి అడుగున పరిచారు, పైన టర్పెంటైన్‌తో పల్చన చేసిన పొగ రంగు వేశారు. పైపొర ముందే ఆరి బిగుసుకుంది, కింది పొర ఇంకా కదులుతూనే ఉంది. పచ్చి గోడకు రంగేసినట్టయింది. నూనె నీళ్లలా ఆవిరై ఆరదు, గాల్లో ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది, దానికి రోజులు వారాలు పడుతుంది. అందుకే కింద నూనె తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ. అడుగు పొరకు బర్న్ట్ అంబర్ వాడండి, అందులో మాంగనీసు ఉండటంతో త్వరగా ఆరుతుంది. జింక్ వైట్ అడుగున వాడొద్దు, ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి పెచ్చులూడుతుంది. జెరికో కూడా ఈ తప్పు చేశాడు, మనకన్నా పెద్దదే చేశాడు: నీడల కోసం తారులాంటి బిట్యుమెన్ వాడాడు. అది ఎప్పటికీ పూర్తిగా ఆరదు. ఆ మహా చిత్రం నల్లబడి ముడతలు పడింది, కొన్నిచోట్ల వివరాలు పోయాయి, తిరిగి బాగుచేసే దారి లేదు.

ఆయిల్ అన్న పేరు చూసి పెట్రోలుకు సంబంధం ఉందేమో, ఇలాంటి విషయం దానితో వేయడం తప్పేమో అని కూడా చివర్లో అడిగారు. రంగులో ఉన్నది అవిసె నూనె, మొక్కది. హార్డ్‌వేర్ షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ మాత్రం పెట్రోలియంలోంచే వస్తుంది. బ్రష్షులు కడగడానికి వంటనూనె వాడి, ఆనక సబ్బుతో కడగండి, సగం ఖర్చు కూడా తగ్గుతుంది.

ఆ పాత కాన్వాస్ పారేయకండి, చింపకండి. మొహం గోడవైపు తిప్పి ఏడాది వదిలేయండి. పగిలిన రంగు మీద మళ్లీ రంగెక్కించడం వృథా. ఈలోగా పన్నెండంగుళాల హార్డ్‌బోర్డు ముక్కలు పది తెచ్చుకుని రెండువైపులా జెస్సో (రంగుకు ముందు వేసే తెల్లటి అడుగు పూత) కొట్టండి, ఒకవైపే కొడితే మన తేమకు వంగిపోతాయి. తుఫానుల కాలం దాటాక, ఆటు సమయం చూసుకుని, తెల్లవారుజామున అయిదు రోజులు వరసగా ఉప్పాడ వెళ్లండి. మొదటి రెండు రోజులు రంగు ముట్టకండి, పెన్సిలే. మనుషులు పలకరిస్తే ముందు మాట్లాడండి, ఫొటోలు తర్వాత. చిరిగిన జియో ట్యూబు మీద కూర్చోకండి, నాచు పట్టి జారుతుంది, నాకు మోకాలు చీరుకుపోయింది. ఉప్పుగాలికి ట్యూబుల మూతలు బిగుసుకుపోతాయి, సంచిలో ఒక కటింగ్ ప్లయర్ పడేసుకోండి.